జమ్మో, సర్కారు తుమ్మో

బహ్రెయిన్‌లోని జింజ్‌లో కళ పనిచేసే ఇంటి పక్కింట్లో వంట చేసే బుల్లెమ్మ అందట: పక్కింటి తెలంగాణ పిల్ల వచ్చే ఆదివారం అన్నీ ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోతోంది, సొంత అన్న హిద్‌లోనే ఉన్నాడు, ఇన్నేళ్లలో ఒక్కసారి గేటు దగ్గరికి రాలేదు, పోయేముందు కూడా ఆ మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. బుల్లెమ్మ ఈ సంగతి నరసాయమ్మకు చెప్పింది. నరసాయమ్మ ఫోనులో సత్యకుమారికి చెప్పేటప్పటికి ఒట్టుకు కన్నీళ్లు జతపడ్డాయి. సత్యకుమారి అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పేటప్పటికి కన్నీళ్లతో పాటు ఆ అన్న పేరు కూడా బయటికొచ్చింది. ముత్తన్న.

"ఏ ముత్తన్న?" అన్నాడు అమ్మిరాజు, ముద్ద నోటి దాకా తెచ్చి ఆపి.

"హిద్‌లో ఎంతమంది ముత్తన్నలుంటారేంటండీ? సెంట్రింగు పనంట. గెడ్డం మీద పుట్టుమచ్చంట. బుల్లెమ్మ దగ్గరుండి చూసినట్టే చెప్పింది."

అమ్మిరాజుది రాజోలు దగ్గర పల్లె. మొగుడూ పెళ్లాలు బుసైతీన్‌లో ఒక గది తీసుకుని ఉంటున్నారు. ఆమె ఇళ్లలో పని చేస్తుంది. అతను పొద్దున్నే హిద్‌లోని లేబర్ క్యాంపు నుంచి పనివాళ్లను బస్సులో సైటుకు చేరవేసి, సాయంత్రం మళ్లీ తెచ్చి దింపుతాడు. ఆ బస్సులో ఎప్పుడూ ఒకే కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసే ముత్తన్న అతనికి బాగా తెలుసు. ముత్తన్నకు బీపీ ఉందని తెలుసు, పచ్చిపులుసు లేకపోతే ముద్ద దిగదని తెలుసు. చెల్లెలుందని మాత్రం తెలియదు. తన బస్సెక్కే మనిషి గురించి ఇంత సంగతి బుల్లెమ్మకు తెలిసి తనకు తెలియకపోవడం అమ్మిరాజుకు నామోషీగా తోచింది. మర్నాడు సైటు దగ్గర దిగబోతున్నవాణ్ని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముత్తన్నా, నీకు చెల్లెలుందా?"

"లేదు," అన్నాడు ముత్తన్న. ఎన్నోసార్లు అని అని నున్నబడిన మాట అది. దిగి కొంతదూరం నడిచాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, "ఉన్నది," అన్నాడు.

తర్వాత అతను చెప్పింది ఇది. కళ మొగుడు రైసుమిల్లులో బస్తాల కింద పడి నడుము పోగొట్టుకున్నాడు. కూతురు చిన్నది. కళ తాను కూడా గల్ఫుకు వస్తానంది. "ఆడిపిల్ల దుబాయికొచ్చి మందిండ్లల్ల గిన్నెలు తోముడేంది, మన ఇంటి పేరు బజార్ల వడ్తది" అని ముత్తన్న ఫోనులోనే ఎగిరాడు. వస్తే నాకు చెల్లె లేదనుకుంటా అన్నాడు. ఆమె వచ్చింది. దిగిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి అరువు ఫోనుతో అన్నకు కాల్ చేసింది. ఎయిర్‌పోర్టుకు హిద్ ఎంత దూరం? దిగే విమానాల చప్పుడు క్యాంపు వంటగదిలోకి వినబడుతుంది. ముత్తన్న ఫోను ఎత్తలేదు, పోలేదు. వీసా ఇచ్చిన కఫీల్ మనిషి వచ్చి తీసుకుపోయేదాకా ఆమె అక్కడే నిలబడి ఉందని తర్వాత ఎవరో చెప్పారు. ఆనాటి నుంచి క్యాంపులో గానీ, ఊళ్లో గానీ ఎవరడిగినా అతని జవాబు ఒకటే, నాకు చెల్లె లేదు. ఊళ్లో అన్న మాట జింజ్‌కు చేరడానికి ఎంతసేపు పడుతుంది?

"ఆదివారం పోయిందంటే ఇగ ఆమె అక్కడ, నేనిక్కడ. ఊరికి వోయినా మా వాకిట్ల అడుగువెట్టదు రాజన్నా. దాని పట్టు నాకెర్క."

"అయితే ఎల్లి మాట్లాడరాదా?"

"ఏం మాట్లాడాలె?" అన్నాడు ముత్తన్న నిజంగానే తెలియనట్టు. మెట్టు మీది కాలు దించి, "జమ్మి వెడత," అన్నాడు.

గోదావరి మనిషికి ఇది విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ముత్తన్న వాళ్ల వైపు దసరా సాయంత్రం ఊరంతా పొలిమేరకు పోయి జమ్మి ఆకు తెంపుకొస్తారు. దాన్ని బంగారం అంటారు. ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలయ్ బలయ్ అని కౌగిలించుకుంటారు. గట్టు పంచాయితీలో తలలు పగలగొట్టుకున్న దాయాదులైనా సరే, ఆ పూట చేతిలో పెట్టిన జమ్మిని కాదనరు. కాదంటే ఊరు ఊకోదు.

"అంటే, నువ్వేం మాట్లాడకండా పనైపోద్దన్న మాట," అన్నాడు అమ్మిరాజు.

ముత్తన్న ఆ మాటలోని పోటును పట్టించుకోలేదు. "అవ్," అన్నాడు.

బహ్రెయిన్‌లో జమ్మి ఎక్కడ దొరుకుతుంది? మనామాలో పూజసామాన్లు అమ్మే కొట్టుకు పోతే తమలపాకులున్నాయి, మామిడాకులున్నాయి, మారేడు కూడా ఉంది. జమ్మి లేదు. అప్పుడు ముత్తన్న పక్క మంచం వాడు పరమేశ్ ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. దక్షిణాన ఇసుకలో, చుట్టూ ఇంకో పచ్చని మొక్క లేకుండా, ఒంటిగా ఒక పెద్ద చెట్టు. ట్రీ ఆఫ్ లైఫ్ అంటారు. నీళ్లు ఎక్కణ్నుంచి తాగుతుందో ఎవరికీ అంతుబట్టదట. "జమ్మి జాతిదేనట అన్నా. ఇంగ్లీషుల రాసిండ్రు," అన్నాడు పరమేశ్.

దసరా గురువారం వచ్చింది. గల్ఫులో పండగలన్నీ సెలవని శుక్రవారమే చేసుకుంటారు కాబట్టి దాని గురించి ఎవరూ తర్కించలేదు. ఎటూ అంత దూరం పోతున్నాం కదా, జంతువుల పార్కు కూడా చూసేద్దామన్నాడు అమ్మిరాజు. ఏళ్లుగా ఈ దేశంలో స్టీరింగు తిప్పుతున్నాడు, చూసిందంతా సిగ్నళ్లూ సైటు గేట్లే. కళను పిలిచే పని సత్యకుమారి మీద పడింది. బుల్లెమ్మ దగ్గర నంబరు తీసుకుంది.

"ఆయన వస్తున్నడా అక్కా?" అంది కళ ఫోనులో.

"వస్తన్నాడమ్మా. నీకు అబద్ధం చెప్పటం ఎందుకు."

"రానియ్యి. కారు ఆయనది గాదు గదా. నేను జింకలను చూడనీకి వస్తున్న."

ఆ జింకల వెనక ఒక కథ ఉంది. కళ పనిచేసే ఇంట్లో చిన్నపిల్లకు తెల్లటి బొమ్మ జింక ఉంది. దాని కొమ్ములు రెండూ కత్తుల్లా నిటారుగా ఉంటాయి. వచ్చిన దగ్గర్నుంచీ కళ దాని దుమ్ము దులుపుతూనే ఉంది. ఊళ్లో కూతురు "అమ్మా, ఆడ ఏమేముంటయే?" అని ప్రతి వారం అడుగుతుంది. ఫ్రిజ్జు గురించి, అంట్లు తోమే మిషను గురించి చెప్పడం అయిపోయింది. ఇప్పుడు ఇంటికి పోతున్నది. అలాంటి జింక నిజంగా ఉంటుందా, ఉంటే దానికి నిజంగా అంత కొమ్ములుంటాయా, ఈ ఒక్క సంగతి తేల్చుకోకుండా పోవడం ఆమెకు ఇష్టం లేదు.

శుక్రవారం పొద్దున స్నేహితుడు సోమరాజు దగ్గర అడిగి తెచ్చిన పాత కారుతో అమ్మిరాజు బయల్దేరాడు. ఆ కారు ఏసీ ముందు సీటుకే గాలి ఇస్తుంది. పెద్దవాడని ముత్తన్నను ముందు కూర్చోబెట్టారు. వెనక పరమేశ్, సత్యకుమారి. జింజ్‌లో గేటు ముందు కళ నిలబడి ఉంది. పసుపు చున్నీ, చేతిలో స్టీలు డబ్బా. ముందు సీటులో ఎవరూ లేనట్టే చూసి, వెనక తలుపు తీసుకుని ఎక్కింది.

"పండుగ దండాలు బావా," అంది అమ్మిరాజుతో. సత్యకుమారిని అక్కా అంటుంది కాబట్టి అతను బావ.

"ఆయ్, సంతోషం మరదలా," అన్నాడు అమ్మిరాజు, పక్కనున్న ముత్తన్న భుజం బిగుసుకోవడం గమనిస్తూ.

కారు ఊరు దాటి దక్షిణం దారి పట్టింది. రిఫా వచ్చింది. ఎత్తు మీద పాతకోట. దాని కింద లోయంతా కొత్త మేడలు, అన్నీ మట్టిరంగే, ఇసుకలోంచి మొలిచినట్టు.

"ఇది రిఫాయా? పేరే వింటి గని చూడలే," అంది కళ కిటికీలోంచి తల పెట్టి. "గింత పెద్దగుంటదా!"

"ఇక్కడ నేను పని చేసిన. గా తెల్ల గోడ ఇల్లు మేమే కట్టినం," అన్నాడు ముత్తన్న ముందు అద్దానికేసి చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు.

"అక్కా, ముందు సీట్ల రేడియో మోగుతున్నదా?" అంది కళ.

పరమేశ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సత్యకుమారి అతని తొడ మీద గిల్లింది.

తర్వాత ఇళ్లు పలచబడ్డాయి. రోడ్డు వెంబడి ఇనప గొట్టాలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడికి పోతున్నాయో తెలియకుండా పోతూనే ఉన్నాయి. అక్కడక్కడ నూనె తోడే యంత్రాలు తలలు వంచి లేపుతున్నాయి.

"ఇవి రాత్రీ పగలూ ఇంతేనా అండీ? దండం పెట్టినట్టు?" అంది సత్యకుమారి.

"ఇంతే. ఓవర్‌టైం కూడా అడగవు."

"మనకు నీళ్ల మోటరు లెక్క. కరెంటు పోదేమో గంతే ఫరకు," అన్నాడు పరమేశ్.

అమ్మిరాజు ఒకచోట వేగం తగ్గించి ఎడంపక్కకు చూపించాడు. "అదిగో, జెబెల్ దుఖాన్. అంటే పొగ కొండని. ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ అదే."

నలుగురూ చూశారు. ఇంకా ఎక్కడో కొండ ఉందనుకుని పరమేశ్ దాని వెనక్కి కూడా చూశాడు.

"గిదేనా? మా ఊర్లె దీన్ని బోడు అంటరు. మేకలు దీనికన్న పెద్దదాన్ని ఎక్కుతయి."

"మా ఊళ్లో అదీ లేదులే బాబూ. మాకు చేలూ కాలవలే. గట్టు ఎక్కితే అదే కొండ," అంది సత్యకుమారి.

కళ డబ్బా మూత తీసింది. బతుకమ్మకు చేసుకునే మలీద ముద్దలు. రొట్టెలు, బెల్లం కలిపి దంచి, నెయ్యి వేసి కట్టినవి. కారంతా నెయ్యి వాసన కమ్ముకుంది. ముందు సీటులో ముత్తన్న మెడ కొంచెం పక్కకు తిరిగింది. వాళ్ల అమ్మ నాగవ్వ పోయాక ఆ ఇంట్లో మలీద చేసే చెయ్యి కళదే. చెల్లెలితో మాట తెగాక ఆ రుచి అతనికి దొరకలేదు.

కళ అందరికీ పెట్టింది. డబ్బాలో ఇంకొకటి మిగిలింది. దాన్ని కాసేపు చూసింది.

"అక్కా, గా రేడియోకు గూడ ఇయ్యి. పండుగ పూట ఎవ్వలైనా తింటరు."

ముత్తన్న తీసుకున్నాడు. రెండు చేతులతో తీసుకున్నాడు. పార్కు వచ్చేదాకా కొంచెం కొంచెం కొరుక్కుంటూ తిన్నాడు.

అల్ అరీన్ పార్కులో జనాన్ని ఒక బస్సెక్కించి ఇసుకనేలలోకి తీసుకుపోతారు. తాను నడపని బస్సులో కూర్చోవడం అమ్మిరాజుకు కొత్త. బ్రేకు వేసినప్పుడల్లా అతని కుడికాలు కూడా కదులుతోంది. ఫిలిప్పీన్ కుటుంబం ఒకటి, అరబ్బు పిల్లలు నలుగురైదుగురు, వీళ్లూ. మొదట ఉష్ట్రపక్షులు వచ్చాయి. బస్సు వెంట పరుగెత్తుతూ కిటికీల్లోకి మెడలు చాచాయి. సత్యకుమారి కెవ్వుమని మొగుడి చొక్కా పట్టుకుంది. "మా అత్తగారు ఇలాగే చూసేదండీ వంటింట్లోకి," అంది తేరుకుని.

ఆ తర్వాత వచ్చాయి అవి. తుమ్మచెట్ల నీడలో ఒక మంద. తెల్లగా, ఉతికి ఆరేసినట్టు. మొహాల మీద నల్లచారలు. కొమ్ములు నిటారుగా ఆకాశంలోకి.

కళ లేచి నిలబడింది. డ్రైవరు కూర్చోమని అరబీలో కేకేశాడు. ఆమె కూర్చోలేదు.

"నిజంగనే ఉన్నయి అక్కా," అంది. "నేను గా బొమ్మను ఎవలో గమ్మతికి చేసిండ్రనుకున్న. సూడు, సూడు, కొమ్ములు బొమ్మకంటె పొడుగున్నయి! గంత బరువుతోని మెడ నొయ్యదా?"

"అలవాటైపోద్ది," అన్నాడు అమ్మిరాజు.

"మేకలెక్కనే నెమరేస్తున్నయే," అన్నాడు పరమేశ్ కొంచెం నిరాశగా. ఆమె ఫోను తీసి, అద్దానికి ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి ఫొటోలు తీసింది. కూతురికి. ముత్తన్న జింకల వైపు చూడలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి చాలా కాలమైనట్టు, చెల్లెలి వీపునే చూస్తున్నాడు.

బస్సు వెనక్కి తిరిగింది. నీటిగుంట ఒకటి, దాని పక్కన కంచె. కంచె తీగ మీద ఒక పిట్ట. బూడిదరంగులో, పెద్దగా చెప్పుకోవడానికేమీ లేని పిట్ట. బస్సు చప్పుడుకు రెక్క విప్పి లేచింది. రెక్కల్లోంచి నీలం, ఇంకో నీలం, భళ్లున బయటపడ్డాయి.

"అన్నా! పాలపిట్ట!"

బస్సంతా తిరిగి చూసింది. కళ చెయ్యి గాల్లో అలాగే ఉంది. నోటి మీద రెండో చెయ్యి పడింది.

దసరా నాడు పాలపిట్ట కనబడాలి. కనబడితే ఏడాదంతా మంచిది. చిన్నప్పుడు ముత్తన్న చెల్లెల్ని భుజాల మీద ఎక్కించుకుని పొలాల వెంట తిప్పేవాడు. ఎత్తు మీద ఉంటుంది కాబట్టి ఆమెకే ముందు కనబడేది. కనబడగానే అతని జుట్టు పట్టుకుని గుంజి అరిచేది, ఇలాగే. ఆ అరుపు ఇన్నేళ్లూ గొంతులో ఎక్కడ దాక్కుందో ఆమెకే తెలియదు.

పిట్ట ఖర్జూరపు చెట్ల వెనక్కి పోయింది.

"చూసినవా అన్నా?" అన్నాడు పరమేశ్ ఉబ్బిపోయి. "ఎడారిల పాలపిట్ట! ఎవ్వనికి జెప్పినా నమ్మడు. చూసినవా?"

"చూసిన," అన్నాడు ముత్తన్న.

చూడలేదు. పిలుపు వినగానే అతను పిట్ట వైపు కాదు, పిలిచిన వైపు తిరిగాడు. ఈ సంగతి అమ్మిరాజు కనిపెట్టాడు.

పార్కు బయట నీడలో సత్యకుమారి తెచ్చిన పులిహోర తిన్నారు. కళ మళ్లీ అన్నా అనలేదు. కానీ రేడియో అనడం మానేసింది. ముత్తన్న మొహంలోకి ధైర్యం వచ్చింది. చెయ్యి కడుక్కుంటూ అమ్మిరాజు చెవిలో, "అయిపోయినట్టే రాజన్నా. ఇగ జమ్మి వెడితె ఖలాస్," అన్నాడు.

"ఆయన ఖలాస్ అంటన్నాడే," అన్నాడు అమ్మిరాజు భార్యతో, కారు తాళం తీస్తూ.

"మగాళ్లకి అన్నీ తొందరగానే అయిపోతాయండీ," అంది సత్యకుమారి.

ఎండ వాలే వేళకు చెట్టు దగ్గరికి చేరారు. తారు దారి వదిలి మట్టిదారిలో దడదడలాడుతూ పోతుంటే దూరాన మొదట ఒక నల్లమచ్చలా కనబడింది. దగ్గరైన కొద్దీ పెరిగింది. ఇసుకదిబ్బ మీద నాలుగు వైపులా కొమ్మలు పరుచుకుని, కొన్ని బరువుకు నేలకు ఆని, మళ్లీ లేచి. చుట్టూ కనుచూపు మేర గొట్టాలు, రాళ్లు. ఇంకేం లేదు. చెట్టు చుట్టూ కమ్మీలు కట్టారు. పదిమంది దాకా ఫొటోలు దిగుతున్నారు. కాపలా మనిషి బంగ్లాదేశీయుడు, టోపీ మొహం మీదికి లాక్కుని కుర్చీలో కూర్చున్నాడు.

సత్యకుమారి చెప్పులు వదిలింది. కొంగు నడుముకు చుట్టి, కమ్మీల బయటి నుంచే ప్రదక్షిణం మొదలుపెట్టింది. మొదటి చుట్టులోనే ఒక తెల్లజాతి ముసలాయన ఆమె ఫొటో తీశాడు. రెండో చుట్టుకు అతని పెళ్లాం కూడా వెనకాల నడిచింది.

"అక్కా, ఆగు. దండం పెట్టకు," అన్నాడు పరమేశ్. కమ్మీల మీదకు వంగి కొమ్మను చూస్తున్నాడు. "గిది జమ్మి గాదు. సర్కారు తుమ్మ."

ముత్తన్న కమ్మీల దగ్గరికి పరుగెత్తాడు. "ఏం మాట్లాడుతున్నవ్‌రా?"

"నిజమే అన్నా. మా చెరువు శిఖంల, నీళ్లింకిన జాగల, అంతా ఇదే. నరికితె మల్ల మొలుస్తది, కాలవెడితె మల్ల మొలుస్తది. పొయిల వెట్టనీకి తప్ప దేనికీ పనికిరాదు. ఈళ్లు దీనికి కమ్మీలు గట్టి కాపల వెట్టిండ్రు!"

"ఇంగ్లీషుల జమ్మి జాతి అని నువ్వే అంటివి గదరా!"

"జాతి అన్న. జమ్మి అనలే. తుమ్మ గూడ అదే జాతి కావచ్చు. జమ్మికి ముల్లు కొమ్మ పొడుగూత యాడ వడితె ఆడుంటది, చిన్నగ. తుమ్మకు ఆకు మొదట్ల జంటగ ఉంటది, పెద్దగ. చూడు మరి."

చూశారు. కమ్మీలకు అందేంత దగ్గర్లో ఉన్న కొమ్మల మీద చేతికందినంత మేర ముళ్లే లేవు. వచ్చినవాళ్లు పట్టుకుని పట్టుకుని రాలిపోయాయో, ఈ వయసుకు చెట్టే మానుకుందో. పైకొమ్మలు కంటికి ఆనవు. "మాను చూడు, పగుళ్లు జమ్మివే," అన్నాడు ముత్తన్న. "పగుళ్లు ముసలోళ్లందరికి ఉంటయే," అన్నాడు పరమేశ్. అమ్మిరాజు కాపలా మనిషిని అడిగాడు, "భాయ్, ఏ కౌన్సా పేడ్ హై?"

"షజర," అన్నాడతను. చెట్టు అని. "నాలుగొందల ఏళ్లదంటారు. ముట్టుకోవద్దు."

"పేరు?"

"పేరు నాకేం తెలుసు భాయ్. నేనొచ్చేసరికే ఉంది."

ముత్తన్న ఫొటో తీసి ఊరికి పంపాడు, ఇద్దరు దోస్తులకు. సిగ్నలు కోసం ఫోను ఎత్తి పట్టుకుని దిబ్బ మీద అటూ ఇటూ తిరిగాడు. మొదటి జవాబు గొంతుతో వచ్చింది. "జమ్మే అన్నా. ఎంత పెద్ద జమ్మి! నా పేరు జెప్పి గూడ ఒక దండం వెట్టు." ముత్తన్న మొహం వెలిగింది. అంతలో రెండోది వచ్చింది. "గదేం జమ్మి, నీ తలకాయ. నా పొలం గట్టు పొంటి అసొంటియి ఇరవై ఉన్నయి. వచ్చి నరుక్కపో."

సత్యకుమారి మూడు చుట్లూ పూర్తి చేసి, చెమట తుడుచుకుంటూ వచ్చింది. "జమ్మో తుమ్మో, ఇంత ఎడార్లో ఒక్కతీ బతికిందంటే దండం పెట్టొచ్చులేవయ్యా. మా వైపు జమ్మికి కాయితం మీద పేర్లు రాసి కడతాం. నేను మనసులోనే రాసేశాను. అందరివీ రాశాను."

కళ ఇదంతా రాతి అరుగు మీద కూర్చుని చూస్తోంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా, గట్టు పొంటి ఇరవై ఉన్నాయన్న మాటకు. ఆ నవ్వు విని ముత్తన్న ఇంకా బెంగపడ్డాడు. జమ్మి అయితే ఆమె కాదనడానికి లేదు. తుమ్మ అయితే చెత్తబుట్టలో వేసినా తప్పు లేదు. ఆ సంగతి తేలకుండా చెయ్యి చాస్తే, మధ్యలో వెనక్కి తీసుకోవాల్సి వస్తే?

పొద్దు గొట్టాల మీదికి దిగింది. జనం కార్లెక్కుతున్నారు. కాపలా మనిషి లేచి ఒళ్లు విరుచుకుని, ఇక కదలండన్నట్టు, "యల్లా, యల్లా," అన్నాడు.

గాలి వచ్చి చెట్టును ఒకసారి దులిపింది. కమ్మీల బయట ఇసుక మీద సన్నటి ఆకులు రాలాయి. ముత్తన్న వంగి, ఒక్కొక్కటీ ఏరాడు. ఎండిన ఈనెలు, వాటికి ఇంకా అంటుకుని ఉన్న పచ్చ. ఇసుక ఊదాడు. అరచేతిలో పెట్టుకుని అరుగు వైపు నడిచాడు.

"పెద్దోనివి నువ్వు వెడుతున్నవేందే? చిన్నోళ్లు గదా పెద్దోళ్లకు వెట్టాలె?" అన్నాడు పరమేశ్ వెనకనుంచి.

"నువ్వు నోరు ముయ్‌రా," అన్నాడు ముత్తన్న.

కళ ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తింది. ఇన్నేళ్లలో ఒకరి మొహం ఒకరు సూటిగా చూసుకోవడం అదే. ఇద్దరికీ చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆ సంగతి ఇద్దరూ చూశారు.

"బంగారం తీస్కో చెల్లె," అన్నాడు.

ఆమె వెంటనే చెయ్యి చాచలేదు. సత్యకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కళ లేచి, చున్నీ నెత్తి మీదికి లాక్కుని, కుడిచెయ్యి చాచింది. ఆకులు అతని చేతిలోంచి ఆమె చేతిలోకి జారాయి. కొన్ని గాలికి పోయాయి. మిగిలినవాటిని చున్నీ కొంగులో ముడివేసింది. వంగి అతని కాళ్లు మొక్కింది.

"హమ్మయ్య," అంది సత్యకుమారి, కళ్లు తుడుచుకుని. "నరసాయమ్మకి చెప్పాలి ఈ మాట. ఒట్టూ లేదు గట్టూ లేదని."

అమ్మిరాజు కారు తాళాలు గలగలలాడించాడు. పరమేశ్ ముత్తన్నను కౌగిలించుకుని అలయ్ బలయ్ ఇచ్చాడు. అందరూ ఒక్కసారిగా మాట్లాడుతూ కారు దాకా వచ్చారు. ఏసీ గాలి తగిలే ముందు సీటు తలుపు ముత్తన్న తనే తెరిచి పట్టుకున్నాడు, చెల్లెలి కోసం. మొహమంతా నవ్వు.

"కూసో చెల్లె. ఇగ అయిపోయింది గదా. ఆదివారం నేనే ఎయిర్‌పోర్టుల దింపుత. రాజన్న కారు దెస్తడు. ఊరికి వోయినంక సక్కగ మనింటికే వో, మీ వదినెకు ఫోన్ల జెప్త."

కళ ఎక్కలేదు. తెరిచిన తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. చున్నీ కొంగున ముడి ఇంకో చేతిలో ఉంది.

"పండుగ నాడు కాదనద్దని తీసుకున్న. ఇది జమ్మి గానీ తుమ్మ గానీ, నాకు ఒక్కటే," అంది. కోపంగా కాదు. గిన్నె ఎక్కడ పెట్టాలో అడిగినట్టు మామూలుగా. "చెల్లె లేదని నలుగుర్ల నోటితోని జెప్పినవ్. ఉన్నదని ఆకుతోని జెప్తున్నవా అన్నా?"